ఆయన పోతున్నడా? హీరో సీరీస్ వదిలే ముందు అసలు ఏం జరుగుతుంది

2025 మే నెల. హనుమకొండలో మధ్యాహ్నం పూట కూలర్ ముందు నుంచి లేవబుద్ధి కాని ఎండలు. మా అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి మంచిర్యాల నుంచి సెలవులకు మా ఇంటికి వచ్చాడు, వచ్చినప్పటి నుంచి వాడిది ఒకటే ప్రశ్న. పొద్దున పళ్లు తోముకుంటూ అడుగుతాడు, అన్నం ముందు కూర్చుని అడుగుతాడు, రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక ఆకాశం చూస్తూ మళ్లీ అడుగుతాడు. "మామా, ఆయన నిజంగనే పోతున్నడా?"

మా అమ్మ రెండు రోజులు విని ఊరుకుంది. మూడో రోజు "ఎవర్రా దుబాయి పోయేది, నాకు చెప్పకుండ?" అని గట్టిగానే అడిగింది. మా వైపు ఇంట్లో ఎవరైనా పోవుడు గురించి గుసగుసగా మాట్లాడితే ముందు వచ్చే అనుమానం అదే మరి.

ఆయన అంటే షూటీ గాట్వా. బీబీసీ వాళ్ల డాక్టర్ హూ సీరీస్‌లో పదిహేనో డాక్టర్. చూడని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒకాయన, బయటికి నీలం రంగు పోలీసు డబ్బాలా కనిపించే ఓడలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. అందరూ డాక్టర్ అని పిలుస్తారు. చావు దగ్గరికి వస్తే ఒళ్లంతా వెలుగై కొత్త మనిషిగా మారిపోతాడు, ముఖం, గొంతు, వయసు, నడక అన్నీ కొత్తవి, జ్ఞాపకాలు మాత్రం పాతవే. 1963 నవంబర్ 23న మొదలైన కథ మధ్యలో చాలా ఏళ్లు ఆగిపోయి కూడా మళ్లీ లేచి నిలబడిందంటే ఈ ఒక్క ఏర్పాటు వల్లే. అందుకే దీని అభిమానులకు వేరే సీరీస్ వాళ్లకు లేని ఒక అలవాటు ఉంది, కొత్త హీరో వచ్చిన రోజే ఆయన ఎప్పుడు పోతాడో లెక్క పెట్టడం మొదలుపెడతారు.

మా వాడి ప్రశ్నకు ఆ నెలంతా నేను "పోవచ్చు", "తెలియదు", "చూద్దాం" అంటూ నెట్టుకొచ్చాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది, అది ఒక ప్రశ్న కాదు. నాలుగు ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడి ముడిపడిపోయాయి. ఆ ముడి విప్పడానికి నాకు టీవీ కంటే ముందు మా చిన్నాయన గుర్తొచ్చాడు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవులకు జగిత్యాలలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. చిన్నాయన సౌదీ పోతున్నాడని మా పిల్లలెవరికీ చెప్పలేదు. ఒకరోజు గోలీ దొర్లిపోతే తీద్దామని మంచం కిందికి దూరాను. అక్కడ గోధుమ రంగు కొత్త సూట్‌కేసు ఉంది. పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు, పైన అతికించిన అట్టముక్క మీద ఇంగ్లీషులో చిన్నాయన పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా పెద్ద పెద్ద అక్షరాల్లో. తమ్ముడిని, అంటే ఆయన కొడుకును, పిలిచి చూపించాను. వాడు ఏడవలేదు. కాసేపు దాన్నే చూసి, "నిన్న నేను మాట వినలే గదా, అందుకే పోతుండు" అన్నాడు.

నిజం ఏంటంటే రెండు బోర్లు ఎండిపోయి, అప్పు మీద అప్పు అయి, అంతకుముందు దసరాకే ఆయన పోవాలని తేల్చుకున్నాడు. వీసా సంక్రాంతి దాటాక వచ్చింది. పిల్లలకు చెప్పింది ప్రయాణానికి రెండు రోజుల ముందు. విమానం ఎక్కింది జూన్‌లో. నాలుగు తేదీలు. వాటిలో మాకు కనిపించింది ఒక సూట్‌కేసు, దాన్ని బట్టి మా తమ్ముడు పోతున్నాడన్న సంగతి సరిగ్గానే పట్టుకున్నాడు, ఎందుకు అన్నది మాత్రం పూర్తిగా తప్పు పట్టుకున్నాడు.

సీరీస్‌లో హీరో పోవడం కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. పోవాలని తేల్చుకున్న రోజు ఒకటి, ఆఖరి షాట్ తీసిన రోజు ఒకటి, లోకానికి చెప్పిన రోజు ఒకటి, మన టీవీలో ఆయన పోయే రోజు ఒకటి. ఈ నాలుగూ నాలుగు చేతుల్లో ఉంటాయి, ఒక్కోసారి వాటి మధ్య ఏళ్ల దూరం ఉంటుంది. మనం నాలుగింటినీ ఒకటే అనుకుంటాం కాబట్టే గందరగోళం.

మొదటి తేదీ సంగతి చూద్దాం. ఎవరు తేల్చుకుంటారు? ఎప్పుడూ నటుడే అని అనుకోవద్దు. అసలు ఈ మారిపోయే ఏర్పాటు పుట్టిందే ఒక మనిషి ఆరోగ్యం పాడవడం వల్ల. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ 1966 నాటికి రక్తనాళాల జబ్బుతో డైలాగులు గుర్తుపెట్టుకోలేని స్థితికి వచ్చాడు. సీరీస్ ఆపేయడమా, వేరే దారి వెతకడమా అన్నప్పుడు నిర్మాత ఇన్నెస్ లాయిడ్ బృందం, వీడు మనిషి కాదు కదా, మారిపోతే ఏం అనుకుంది. 1966 అక్టోబర్ 29న హార్ట్‌నెల్ నేల మీద పడిపోతాడు, తెర తెల్లటి వెలుగుతో నిండిపోతుంది, వెలుగు తగ్గేసరికి అక్కడ ప్యాట్రిక్ ట్రౌటన్ ముఖం ఉంటుంది. ఆ ఎపిసోడ్ పూర్తి కాపీ బీబీసీ దగ్గర ఇప్పుడు లేదు, ముఖం మారే ఆ కాస్త ముక్క మాత్రం మిగిలింది. నేను దాన్ని ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో. పొగ మంచులా ఉన్న నలుపు తెలుపు బొమ్మ, అందులో ఒక ముసలాయన మాయమై ఇంకొకాయన తేలతాడు. ఇప్పుడు మనం వాడే రీజెనరేషన్ అనే మాట అప్పటికి లేదు, అది 1974లో మూడో డాక్టర్ జాన్ పెర్ట్వీ పోయేటప్పుడు వచ్చింది.

మా దగ్గర ఐనవోలు మల్లన్న జాతరకు పోతే ఒగ్గుకథ చెప్పే ఆయన ఒక్కడే భుజం మీది తువ్వాల నెత్తికి చుట్టి రాజు అవుతాడు, అదే తువ్వాల కొంగులా కప్పుకుని రాణి అవుతాడు. అక్కడ మనిషి ఒక్కడే, పాత్రలు మారతాయి. ఇక్కడ తిరగేసి పాత్ర ఒక్కటే, మనుషులు మారతారు. చూసేవాడు నమ్మాలి, అంతే, నమ్మితే రెండూ నడుస్తాయి.

నటుడి చేతిలో లేని పోవడం ఇంకొకటి ఉంది. ఆరో డాక్టర్ కాలిన్ బేకర్‌ను 1986లో బీబీసీయే తీసేసింది. మారిపోయే సీను కోసం మళ్లీ రమ్మంటే ఆయన రానన్నాడు, నా ఉద్దేశంలో అది న్యాయమే. 1987లో కొత్త డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్ ఆయన విగ్గు పెట్టుకుని బోర్లా పడుకుంటే, వెల్లకిలా తిప్పేలోపు వెలుగుతో ముఖం కప్పి పని కానిచ్చారు. చూసినవాళ్లకు అది కథలో మామూలు మార్పు. దాని వెనక ఒక మనిషి ఉద్యోగం పోయింది.

మిగతాచోట్ల తేల్చేది అగ్రిమెంట్. బ్రిటన్‌లో సీజన్లు చిన్నవి, ఒప్పందాలూ చిన్నవే. రెండో డాక్టర్ ట్రౌటన్ తర్వాతి రోజుల్లో ఐదో డాక్టర్ పీటర్ డేవిసన్‌కు ఒక సలహా ఇచ్చాడు, మూడేళ్ల కంటే ఎక్కువ చేయకు అని. డేవిసన్ అలాగే మూడేళ్లకు దిగిపోయాడు. ఈ మూడేళ్ల లెక్కే ఇప్పటికీ అభిమానుల నోట్లో నానుతుంది. మ్యాట్ స్మిత్ మూడు సీజన్లు, పీటర్ కపాల్డీ మూడు, జోడీ విటకర్ మూడు. నాలుగో డాక్టర్ టామ్ బేకర్ 1974 నుంచి 1981 దాకా ఏడేళ్లు ఉన్నాడు, అంతకాలం ఇంకెవరూ చేయలేదు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ సీరీస్ మొదటి ఎపిసోడ్ తీసే ముందే నటుడితో ఏళ్ల తరబడికి సంతకం పెట్టించుకుంటారు, ప్రతి ఏడాదీ కొనసాగించాలా వద్దా అన్న హక్కు స్టూడియో దగ్గర ఉంటుంది, నటుడి దగ్గర కాదు. కానీ ఎంతకాలం? కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక మనిషిని సొంత సేవల ఒప్పందంలో ఏడేళ్లకు మించి కట్టిపడేయడానికి లేదు. 1940లలో వార్నర్ బ్రదర్స్ స్టూడియో నటి ఒలీవియా డి హావిలాండ్‌ను, నువ్వు పాత్రలు వద్దని కూర్చున్న రోజులు కూడా కలుపుకుని ఇంకా పనిచేయాలి అంటే, ఆమె కోర్టుకు పోయి, ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లే అని 1944లో గెలిచింది. ఈ సంగతి తెలిశాక నాకు ఒక చిక్కు విడిపోయింది. ఎక్స్ ఫైల్స్ అనే అమెరికా సీరీస్ అభిమానులు ఏడో సీజన్ దగ్గర అంత టెన్షన్ ఎందుకు పడ్డారో. అందులో మల్డర్ పాత్ర వేసిన హీరో డేవిడ్ డుకోవ్నీ అగ్రిమెంట్ అక్కడికి అయిపోతుంది, పైగా 1999లో లాభాల వాటా మీద ఆయన ఆ సీరీస్ తీసే ఫాక్స్ కంపెనీ మీద కేసు వేశాడు. చివరికి రాజీ కుదిరింది, ఎనిమిదో సీజన్‌లో సగం ఎపిసోడ్లకే వచ్చాడు, మిగతా బరువు మోయడానికి రాబర్ట్ ప్యాట్రిక్‌ను తెచ్చారు. కథలో మాత్రం మల్డర్‌ను గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారు. కాల్షీట్లు తగ్గితే కథలో మనిషి మాయమవుతాడు. మన దగ్గర డైలీ సీరియల్లో పాత్ర ఉన్నట్టుండి అమెరికా పోయినట్టు చెప్తారే, సూత్రం అదే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్టార్‌గేట్ ఎస్‌జీ-1 అనే సీరీస్. దాని హీరో రిచర్డ్ డీన్ ఆండర్సన్‌కు అప్పట్లో చిన్న కూతురు ఉంది, ఆమెతో గడపాలని పని రోజులు తగ్గించుకుంటూ వచ్చాడు. ఎనిమిదో సీజన్‌లో ఆయన పాత్ర కర్నల్ ఓనీల్‌కు జనరల్‌గా ప్రమోషన్ వచ్చింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. కానీ ప్రమోషన్ అంటే ఏంటి? వేరే గ్రహాల మీద అడవుల్లో పరిగెత్తే పని తప్పింది, ఆఫీసులో కుర్చీ వచ్చింది, ఒకే సెట్‌లో ఆయన సీన్లన్నీ కలిపి తీసేయొచ్చు. 2005లో ఆ సీజన్‌తో ప్రధాన పాత్రగా ఆయన దిగిపోయాడు. అక్కడ పోవడానికి ఒక తేదీ అంటూ లేదు, రెండు మూడేళ్లు కొద్దికొద్దిగా పోయాడు. గురుతు కథలోనే, అందరి కళ్ల ముందే ఉంది.

రెండో తేదీ, ఆఖరి షాట్. మా వాడికి ఇది చెప్పినప్పుడు నమ్మలేదు. సైన్స్ ఫిక్షన్‌కు షూటింగ్ తర్వాతే అసలు పని ఉంటుంది, గ్రాఫిక్స్, సంగీతం, డబ్బింగ్, అందుకే తీసిన దానికీ చూపించిన దానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. 2025లో మనం చూసిన గాట్వా సీజన్ షూటింగ్ చాలామటుకు 2024లోనే అయిపోయింది. అంటే మా డాబా మీద "పోతున్నడా" అని వాడు అడుగుతున్నప్పటికి ఆయన ఇంకో సంవత్సరం బతుకు బతికేశాడు, లండన్ నేషనల్ థియేటర్‌లో నాటకం కూడా ఆడాడు. మనకు ఇంకా జరగనిది ఆయనకు ఎప్పుడో గడిచిపోయింది. అడగాల్సింది "పోతున్నడా" అని కాదు, "పోయిండా" అని.

అందుకే పాత అభిమానులు టీవీ కంటే జుట్టు మీద ఎక్కువ కన్నేసి ఉంచుతారు. ఇది నవ్వులాటకు చెప్పట్లేదు. 2013లో పదకొండో డాక్టర్ మ్యాట్ స్మిత్ ఒక సినిమా కోసం గుండు చేయించుకున్నాడు. ఇక్కడైతే గుండు కనిపిస్తే వేములవాడ పోయొచ్చినవా అని అడుగుతారు, ఏ మొక్కో తీరిందనుకుంటారు. అక్కడ గుండు అంటే ఇంకో నిర్మాతకు కాల్షీట్లు ఇచ్చేశాడని అర్థం. ఆయన పోతున్నట్టు ఆ జూన్ 1నే ప్రకటన వచ్చింది, ఆఖరి ఎపిసోడ్ డిసెంబర్ 25న. అందులో మనం చూసే ఆ జుట్టు విగ్గు. కథలో కూడా ఒక సీను పెట్టి డాక్టర్ చేత ఆ విగ్గు తీయించారు. అదే ఎపిసోడ్‌లో చివర ఒక్క క్షణం వచ్చే కరెన్ గిల్లన్, అంతకుముందు ఆ డాక్టర్ వెంట తిరిగే ఎమీ పాత్ర వేసిన నటి, ఆమె కూడా వేరే సినిమా కోసం గుండు చేయించుకుని ఉంది, ఆమెదీ విగ్గే. గుండె పట్టేసే వీడ్కోలు సీను అది, ఇద్దరూ విగ్గులతో. ఈ సంగతి తెలిశాక ఆ సీను నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. ఇద్దరూ అప్పటికే వెళ్లిపోయిన మనుషులు, మన కోసం ఒకసారి వెనక్కి వచ్చి నిలబడ్డారు.

మూడో తేదీ చానెల్ చేతిలో ఉంటుంది, పేచీలన్నీ అక్కడే. తొమ్మిదో డాక్టర్ క్రిస్టఫర్ ఎక్లస్టన్ సంగతి చూడండి. 2005 మార్చి 26న మొదటి ఎపిసోడ్ వచ్చింది. సీరీస్ అన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది, దేశమంతా సంబరం. మార్చి 30న, నాలుగే నాలుగు రోజులకు, ఆయన పోతున్నాడన్న వార్త బయటికి వచ్చింది. ఒకే మూసలో పడిపోతానని భయపడుతున్నాడు, అలసిపోయాడు అంటూ ఆయన పేరు మీద బీబీసీ ఒక ప్రకటన ఇచ్చింది. వారం తిరక్కుండానే, ఆ మాటలు ఆయన్ని అడగకుండా పెట్టినవని బీబీసీయే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఒక్క సీజనే చేస్తాడన్నది బయటపెట్టొద్దని జనవరిలోనే అనుకున్నారు, అది కూడా తప్పారు. కానీ ఆ క్షమాపణ వచ్చేలోపే అభిమానులు ఆయన్ని ఎన్ని మాటలు అన్నారో. పొగరు అన్నారు, పారిపోతున్నాడు అన్నారు. పైన పనిచేయించే వాళ్లతో సంబంధం చెడిందని ఆయన స్వయంగా చెప్పడానికి పదేళ్లకు పైగా పట్టింది. తప్పు కారణం చెప్పింది చానెల్, తిట్లు తిన్నది నటుడు.

పదో డాక్టర్ డేవిడ్ టెనెంట్ దీనికి పూర్తిగా ఎదురు. 2008 అక్టోబర్‌లో అవార్డుల వేడుక టీవీలో లైవ్ వస్తుండగా, తను నాటకం ఆడుతున్న ఊరి నుంచి తెర మీదికి వచ్చి నేనే వెళ్తున్నాను అని చెప్పాడు. ఆయన నిజంగా పోయింది 2010 జనవరి 1న. మధ్యలో పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ ప్రతి ఎపిసోడ్‌లో, ప్రతి డైలాగులో ఇదే ఆఖరిదా అని వెతుక్కుంటూ చూశారు జనం, చూసే పద్ధతే మారిపోయింది. ఆఖరి ఎపిసోడ్‌లో ఆయన తనకు పోవాలని లేదంటాడు. అది డాక్టర్ మాటే, కానీ అప్పటికి అంతకాలంగా ఎదురుచూసిన వాళ్లకు అది నటుడి మాటలా వినిపించింది, ఆ గీత అక్కడ చెరిగిపోయింది. పదమూడో డాక్టర్ జోడీ విటకర్ విషయంలో ఈ తలనొప్పి తక్కువ. కథ నడిపే క్రిస్ చిబ్నల్, ఆమె ఇద్దరూ మూడు సీజన్లు చేసి కలిసి దిగిపోదామని ముందే మాట అనుకున్నారు, 2021 జూలైలో చెప్పారు, 2022 అక్టోబర్ 23న ఆమె మారిపోయింది. నాకైతే ఇలా చెప్పి పోవడమే ఇష్టం. ఎవరో లీక్ చేసి, పేపర్లు ఊహించి, చానెల్ ఖండించి, మళ్లీ అదే నిజమై, ఇదంతా ఎందుకు?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటర్వ్యూలో "మీరు పోతున్నారా" అని నటుడిని అడిగితే వచ్చే జవాబుకు విలువ లేదు, ఎందుకంటే ఆయన సంతకం పెట్టిన కాగితంలో చెప్పొద్దు అని ఉంటుంది. లేదు అన్నా, నవ్వి ఊరుకున్నా, మాట మార్చినా ఒకటే. తర్వాత అది నిజమైతే ఆయన్ని అబద్ధాలకోరు అనడం అన్యాయం. మా చిన్నమ్మ కూడా "నాయన యాడికి పోతడు బిడ్డా, ఇక్కడ్నే ఉంటడు" అంది మాతో. ఆమెను మేం ఎవరం అబద్ధాలకోరు అనలేదు.

ఇప్పటిదాకా ఎప్పుడు అన్నదే చెప్పాను. ఎందుకు అన్నది వేరే సంగతి, దానికి నేను మా వాడికి చెప్పిన కథ బాబిలన్ 5.

1994లో వచ్చిన సీరీస్ అది. అంతరిక్షంలో ఒక స్టేషన్, దాని కమాండర్ సింక్లెయిర్. ఆ పాత్ర వేసింది మైకేల్ ఓహేర్. ఐదేళ్ల కథ ముందే రాసిపెట్టుకున్న సీరీస్, కథంతా ఆయన చుట్టూ తిరగాలి. మొదటి సీజన్ అయిపోగానే ఆయన లేడు. రెండో సీజన్‌లో బ్రూస్ బాక్స్‌లైట్నర్ కొత్త కెప్టెన్‌గా వచ్చాడు. అభిమానులు ఊరుకుంటారా? పెద్ద పేరున్న హీరో కోసం తీసేశారన్నారు, నటన బాగాలేదన్నారు, గొడవ పడ్డాడన్నారు. సృష్టికర్త మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ఏమీ చెప్పలేదు, ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం అన్నట్టే ఉండిపోయాడు. ఏళ్లు గడిచాయి. 2012 సెప్టెంబర్‌లో ఓహేర్ చనిపోయాడు. 2013లో స్ట్రాజిన్‌స్కీ అభిమానుల ముందు నిలబడి అసలు సంగతి చెప్పాడు.

మొదటి సీజన్ షూటింగ్ నడుస్తుండగానే ఓహేర్‌కు తీవ్రమైన మానసిక జబ్బు ముదిరింది. లేనివి కనిపించడం, వినిపించడం, ఎవరో తనకు హాని చేస్తున్నారన్న భయం. స్ట్రాజిన్‌స్కీ, నువ్వు వైద్యం చేయించుకునేదాకా షూటింగ్ ఆపేస్తానన్నాడు. ఆపితే సీరీసే పోవచ్చు, ఇంతమంది పని పోతుంది, వద్దు అని ఓహేర్ ఒప్పుకోలేదు. సీజన్ ఎలాగో పూర్తి చేశాడు, తర్వాత దిగిపోయి వైద్యం చేయించుకున్నాడు. కొంచెం నిలదొక్కుకున్నాక మూడో సీజన్‌లో, 1996లో, రెండు ఎపిసోడ్లకు తిరిగివచ్చి సింక్లెయిర్ కథను ముగించి పోయాడు. ఈ రహస్యాన్ని నేను నా సమాధి దాకా మోస్తానని స్ట్రాజిన్‌స్కీ అంటే, నీ సమాధి దాకా వద్దు, నా సమాధి దాకా చాలు, తర్వాత జనానికి చెప్పు అన్నాడట ఓహేర్. తనలాంటి వాళ్లకు ఉపయోగపడుతుందని.

మొదటి సీజన్ మళ్లీ చూడండి. ఆయన ఎక్కడో బిగుసుకుపోయినట్టు ఉంటాడు, మాట ఆగి ఆగి వస్తుంది. ఒకప్పుడు దాన్ని చెక్కమొహం నటన అన్నారు జనం. ఇప్పుడు చూస్తే, ఒక మనిషి తన బుర్రలో గోలను అదిమిపెట్టి, పక్కవాళ్ల జీతాల కోసం మార్కు మీద నిలబడి డైలాగ్ చెప్తున్నాడు. గురుతు తెర మీదే ఉంది. మేం అది చూశాం, చూసి తప్పు చదివాం. నాకు ఆ సంగతి తెలిసిన రాత్రి మా తమ్ముడి మాట గుర్తొచ్చింది, నేను మాట వినలేదు కదా, అందుకే పోతుండు.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఫలానా హీరో పోతున్నాడట, డబ్బుల కోసమట, అహంకారమట, రాతలు నచ్చలేదట అంటుంటే నేను మొదటి సగమే వింటాను. ఎప్పుడు, ఎలా అన్నది గురుతులు చూసి పట్టుకోవచ్చు. వేరే నాటకానికి ఒప్పుకున్నాడా, జుట్టు తీశాడా, కథలో ఆయన పాత్రకు కుర్చీ వేసి కూర్చోబెట్టారా, పక్కన ఇంకో పాత్ర మెల్లగా బలపడుతోందా, అగ్రిమెంట్ ఎన్నో ఏడులో ఉంది, ఇవన్నీ సూట్‌కేసులు. ఎందుకు అన్నది సూట్‌కేసు మీద రాసి ఉండదు.

ఇక నాలుగో తేదీ. మే 31, శనివారం రాత్రి. మా అమ్మ తన సీరియల్ అయ్యాక కూడా పడుకోకుండా మాతోనే కూర్చుంది. ఆమెకు ఇలాంటివి కొత్త కాదు. ఏళ్లుగా చూస్తున్న ఒక సీరియల్లో కోడలి పాత్ర చేసే అమ్మాయి ఒక సాయంత్రం మారిపోయింది, ఇకపై ఈ పాత్రలో ఫలానా వారు అని కింద ఒక ముక్క వేశారు, అంతే. అమ్మ రెండు రోజులు కొత్తమ్మాయితో సరిగా లేదు, మూడో రోజు నుంచి ఆమె కష్టాలకే కళ్లు తుడుచుకుంది. కూలర్ చప్పుడుకు డైలాగులు వినపడక మేం దాన్ని ఆపేసి, చెమటలు కారుతూ, సబ్‌టైటిల్స్ చదువుతూ చూశాం. ముందుగా ఏ ప్రకటనా లేదు. టాబ్లాయిడ్లు నెలల తరబడి రాశాయి, చానెల్ కాదంటూ వచ్చింది. చివరికి గాట్వా తలుపు తీసి, నక్షత్రాల వైపు తిరిగి, చేతులు చాచి వెలుగైపోయాడు. రెండు సీజన్లు, రెండు క్రిస్మస్ ఎపిసోడ్లు, అంతే ఆయన కాలం. వెలుగు తగ్గేసరికి అక్కడ బిల్లీ పైపర్. 2005లో రోజ్ అనే అమ్మాయిగా డాక్టర్ వెంట తిరిగిన ఆమే. చివర పేర్లు పడ్డప్పుడు మా వాడు టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాడు. కొత్త డాక్టర్ వచ్చినప్పుడు పేరు పక్కన డాక్టర్ అని వేస్తారు, ఆమె పేరు ఉంది, డాక్టర్ అన్న మాట లేదు.

అంటే పోవడం అయింది, రావడం అయిందో లేదో తెలియదు. ఇంతకుముందు ఎవరు పోయినా తర్వాత ఎవరన్నది ఒక కొలిక్కి వచ్చేది. ఈసారి అలా కాదు. అక్టోబర్ చివర్లో ఇంకో వార్త, డబ్బు పెట్టే భాగస్వామిగా ఉన్న డిస్నీ తప్పుకుంది, బీబీసీ సీరీస్‌ను ఆపట్లేదు, 2026 క్రిస్మస్‌కు, గాట్వా కాలంలో కథ నడిపిన రస్సెల్ టీ డేవిస్ రాసే ప్రత్యేక ఎపిసోడ్ వస్తుంది అని. ఏడాదిన్నర విరామం.

ఆ వార్త వచ్చిన సాయంత్రమే మంచిర్యాల నుంచి ఫోన్. వాడు ఇంటర్ ఫస్టియర్‌లో చేరాడు అప్పటికి. ఆమె డాక్టరేనా, కాకపోతే ఎవరు, డిస్నీ ఎందుకు పోయింది అని అడుగుతాడనుకున్నాను. "మామా, 2026 డిసెంబర్ అంటే నేను సెకండియర్‌ల ఉంట. ప్రాక్టికల్స్ దగ్గరపడ్తయి. అయినా వస్త, గని అమ్మకు నువ్వే చెప్పాలె" అన్నాడు. సరే అన్నాను. ఇంకా అక్కకు చెప్పలేదు.